లేవిడి దారిలో ఎనిమిదేళ్ళ పిల్ల

1967 అక్టోబరు 31. పార్వతీపురం ఏజెన్సీ. ఆ రోజు మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభ. పొద్దు పొడవకముందే ఊళ్ళకు ఊళ్ళు బయల్దేరాయి. మగవాళ్ళ చేతుల్లో కర్రలు, కర్రల కొసన ఎర్రగుడ్డలు. ఆడవాళ్ళ నెత్తిన మూటలు, చంకన పసిపిల్లలు, ఆనపబుర్రల్లో చోడంబలి. ఎవరో ముందు నడుస్తూ తుడుము వాయిస్తున్నారు. ఆ చప్పుడుకి పక్క గూడెంలో మరో తుడుము బదులిస్తోంది. కొండవాలులో చోడిచేలు కోతకొచ్చాయి, పల్లంలో వరి కంకి వంచుతోంది. గడ్డిమీద మంచు ఇంకా ఆరలేదు.

గుంపులో ఒక ఎనిమిదేళ్ళ పిల్ల. సంతకి తప్ప ఇంత దూరం ఎప్పుడూ నడిచి ఎరగదు.

“ఇంకెంత దూరమే అమ్మా?”

“ఆ మలుపు దాటితే లేవిడి. అక్కణ్ణుంచి ఎంతో లేదు. నడు గుంటా.”

లేవిడి దగ్గర దారికడ్డంగా మనుషులు నిలబడి ఉన్నారు. భూస్వాములు, వాళ్ళ మనుషులు. సభకి పోవడానికి వీల్లేదన్నారు. పోతామన్నారు వీళ్ళు. మాటా మాటా పెరిగింది. తోపులాట మొదలైంది. పిల్ల అమ్మ కాళ్ళ వెనక్కి జరిగింది. తుపాకి చప్పుడు ఆమెకి కొత్త కాదు, వేటకెళ్ళిన వాళ్ళు అడవిలో పేల్చినప్పుడు ఎన్నోసార్లు విన్నది. కాని ఎదురుగా ఉన్న మనిషిమీద పేలడం అదే మొదలు. తుడుము ఆగిపోయింది. నేలమీద ఇద్దరు మనుషులు. కోరన్న, మంగన్న.

ఆ రెండు పేర్లూ చరిత్రలో ఉన్నాయి. తేదీ, ఊరు, సభ, తుపాకి, అన్నీ ఉన్నాయి. పిల్ల మాత్రం లేదు. ఆమెను నేను నిలబెట్టుకున్నాను. అమ్మ మాటలు నేను ఊహించినవి. ఇకమీద ఈ కథలో ఆ పిల్ల చూసినట్టు, అన్నట్టు రాసిందంతా నా ఊహ. పెద్దల పేర్లు, తేదీలు, జరిగిన సంగతులు మాత్రం నిజం. ఆ రోజు ఆ దారిలో పిల్లలు ఉండే ఉంటారన్నదీ నిజమేనని నా నమ్మకం. ఇంట్లో ముసలివాళ్ళు లేని తల్లి, పిల్లని ఎవరి దగ్గర వదిలి సభకి వెళ్తుంది?

మాది నెల్లిమర్ల. చంపావతి ఒడ్డున, జూట్‌మిల్లు సైరన్‌కి లేచి, సైరన్‌కి అన్నం తిని, సైరన్‌కి పడుకున్న ఊరు. 1967లో నేనూ ఆ పిల్ల వయసువాణ్ణే. అప్పటికింకా విజయనగరం జిల్లా ఏర్పడలేదు. మేము విశాఖపట్నం జిల్లాలో ఉండేవాళ్ళం, పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. మా ఊరికీ లేవిడికీ మధ్య బస్సులో ఒక పూట ప్రయాణం. ఆ ఒక పూట దూరంలో నా ఈడు పిల్లలు మూడేళ్ళపాటు ఒక యుద్ధంలో పెరిగారన్న సంగతి నాకు మీసాలొచ్చేదాకా తెలియలేదు. పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. మేం వస్తే మాట మార్చేవారు.

దాన్ని పోరాటమన్నారు, తిరుగుబాటన్నారు, శాంతిభద్రతల సమస్య అన్నారు. పిల్లల వైపు నుంచి చూస్తే అది యుద్ధమే. ఒక దేశంలోని మనుషులే రెండు పక్షాలై, ఒకరి ఊళ్ళలో ఒకరు తుపాకులతో తిరిగితే దాన్ని ఇంకేమంటాం?

*

యుద్ధానికి ముందు అక్కడ ఒక బడి ఉంది. నా మనసు ఎప్పుడూ అక్కడికే పోతుంది.

వెంపటాపు సత్యనారాయణ బడిపంతులు. జనం సత్యం మాస్టారనేవారు. గుమ్మలక్ష్మీపురం వైపు కొండబారిడిలో పాఠం చెప్పేవాడు. ఆయనకు తోడైన ఆదిభట్ల కైలాసం కూడా పంతులే. వీళ్ళకంటే ముందే గిరిజనులను కూడగట్టడం మొదలుపెట్టిన పల్లె రాములూ పంతులే. ఈ దేశంలో ఒక పెద్ద సాయుధ తిరుగుబాటుకి మొదట నాయకత్వం వహించినవాళ్ళు సైనికులు కారు, కాలేజీ మేధావులూ కారు. ఏజెన్సీ ఎలిమెంటరీ బడి పంతుళ్ళు. ఈ ఒక్క సంగతి చాలు, ఆ కథని పిల్లల వైపు నుంచి చెప్పాలనడానికి.

ఆ కొండల్లో పంతులుకి పాఠం చెప్పడం ఒక్కటే పని కాదు. పిల్లవాడు రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కోవాలి. కనుక్కుంటే, సావుకారి పశువులు కాయడానికి పోయాడని తెలుస్తుంది. ఎందుకు పోయాడంటే, తాత తీసుకున్న అప్పు అంటారు. ఎంత అప్పంటే ఎవరికీ తెలీదు. కాగితం సావుకారి దగ్గరుంది, దానిమీద తాత వేలిముద్ర ఉంది. తాత పోయాడు, నాన్న జీతానికి కుదిరాడు, ఇప్పుడు పిల్లవాడు. చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు, కందులు సంతకి దించితే తూకం సావుకారిది, ధర సావుకారిది, లెక్క సావుకారిది. పల్లంలో భూమి ఒక్కో చెక్కా చేతులు మారిపోయింది. కొండమీద పోడు కొట్టుకుందామంటే ఫారెస్టువాళ్ళు.

చట్టం లేక కాదు. ఏజెన్సీలో అనుమతి లేకుండా గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి బదిలీ కాకూడదనీ, అప్పుమీద ఏడాదికి నూటికి 24 మించి వడ్డీ తీసుకోకూడదనీ 1917లోనే తెల్లదొరలు చట్టం చేశారు. స్వతంత్రం వచ్చాక 1956లో గిరిజన కార్పొరేషన్ వచ్చింది, 1959లో కొత్త రెగ్యులేషన్ వచ్చింది. కాగితాలన్నీ ఉన్నాయి. వాటిని చదవగలిగినవాడు ఆ కొండమీద లేడు. ఆ చదవగలిగినవాడు పంతులు రూపంలో వచ్చి, చట్టంలో ఇలా ఉందిరా అని చెప్పడంతో సంఘం మొదలైంది. కూలి పెంచమని అడిగారు. వెట్టి చెయ్యం అన్నారు. పోడు మాదన్నారు. అడిగినవాటిలో కొన్ని సాధించుకున్నారు కూడా. లేవిడిలో తుపాకి పేలింది వాళ్ళు ఓడిపోతున్నందుకు కాదు, గెలుస్తున్నందుకు.

ఇదే రోజుల్లో ఇదే ఉత్తరాంధ్ర పల్లంలో కూర్చుని కాళీపట్నం రామారావు మాస్టారు ‘యజ్ఞం’ రాశారు. అప్పు తరాలు దాటి ఒక చిన్నపిల్లవాడి మెడకి చుట్టుకుంటే తండ్రి ఏ తెగింపుకి వచ్చాడో ఆ కథ చదివినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మాస్టారు కూడా పంతులే. మా ప్రాంతంలో అప్పుకీ పిల్లలకీ ఉన్న సంబంధం ముందుగా బడిపంతుళ్ళకే కనబడింది.

*

లేవిడి కాల్పుల కేసు కోర్టుకెళ్ళింది. 1968 సెప్టెంబరులో నిందితులను విడుదల చేశారు.

ఆ తీర్పు కొండమీదికి ఎలా చేరి ఉంటుంది? పార్వతీపురం నుంచి ఎవరో నడిచొచ్చి చెప్పి ఉంటారు. ఆ సాయంత్రం ఆ పిల్ల ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని ఉందనుకుందాం. ఆమెకిప్పుడు తొమ్మిదేళ్ళు. ‘కోర్టు’ అంటే ఏమిటో ఆమెకి తెలీదు. అడిగింది. ఎవరు తప్పు చేశారో తేల్చే చోటు అని నాన్న చెప్పాడు.

“తేలిందా?”

నాన్న మాట్లాడలేదు. తల్లి కట్టె ఎగదోసింది.

ఈ కథని ఎవరైనా సినిమా తీయాలని నా కోరిక. నేను సినిమా తీసేవాణ్ణయితే ఆ తీర్పుకి కోర్టు హాలు చూపించను. జడ్జినీ చూపించను. ఆ పొయ్యిని, ఆ ప్రశ్నని చూపిస్తే చాలు. అప్పటిదాకా దండాలూ దస్తావేజులతో నడిచిన సంఘం ఆ తర్వాత రెండు నెలల్లో ఎందుకు మారిపోయిందో ఏ ఉపన్యాసమూ లేకుండానే ప్రేక్షకుడికి అర్థమవుతుంది.

1968 నవంబరు 25. పెదగొట్టిలిలో సావుకారు తీగల నరసింహులు ఇంటిమీద గిరిజనులు దాడి చేశారు. ధాన్యం బయటికి తెచ్చారు. అప్పు పత్రాలు బయటికి తెచ్చారు. తగలబెట్టారు.

ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను. నేను నిలబెట్టుకున్న పిల్ల ఆ మంట పక్కన ఉంది. ప్రోనోటు కాగితాలు కుప్పగా పోశారు. పాతవి, పసుపు తిరిగినవి, మడతల్లో చిరిగినవి. రెవెన్యూ స్టాంపుల పక్కన నల్లటి వేలిముద్రలు. ఒక కాగితం గాలికి ఎగిరి ఆమె కాళ్ళ దగ్గర పడింది. తీసింది. మాస్టారి బడిలో నేర్చుకున్న అక్షరాలతో కూడబలుక్కుని చదవబోయింది. పేరు దగ్గర ఆగింది. అది తాత పేరు. ఆమె పుట్టకముందే పోయిన తాతని ఆమె చూడలేదు. ఇంట్లో ఫొటో ఉండే కాలం కాదు. తాతది ఆమెకి దొరికింది ఆ వేలిముద్ర ఒక్కటే. నాలుగు గీతలు, మధ్యలో చిన్న సుడి. తన బొటనవేలు దానిమీద పెట్టి చూసుకుంది. తాతది పెద్ద వేలు.

“ఏటే, దాస్తన్నావా? ఇలా పడేయ్!” అని ఎవరో అరిచారు.

పడేసింది. కాలిపోవాలని ఆమెకీ ఉంది. కాని తాత కూడా కాలిపోయాడు.

ఎదగడమంటే నా దృష్టిలో ఈ క్షణమే. గెలుపులోనూ పోగొట్టుకునేది ఒకటుంటుందని తొమ్మిదేళ్ళకే తెలిసిపోవడం. పెద్దవాళ్ళ చరిత్రలో ఆ మంట ఒక ఘట్టం. పిల్ల చేతిలో అది ఒక కాగితం.

*

ఆ తర్వాత నడిచిందంతా త్వరత్వరగా నడిచింది. 1969 మొదట్లో నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ శ్రీకాకుళం వచ్చి వెళ్ళాడు. వర్గశత్రు నిర్మూలన అన్నాడు. ఏప్రిల్ 22న సి.పి.ఐ.(ఎం.ఎల్.) అనే కొత్త పార్టీ పుట్టింది. దళాలు భూస్వాముల ఇళ్ళమీద పడ్డాయి, మనుషులను చంపాయి. ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని కల్లోలిత ప్రాంతమని ప్రకటించి సెంట్రల్ రిజర్వు పోలీసులను దించింది. పట్టుబడినవాళ్ళు ‘ఎదురుకాల్పుల్లో’ చనిపోవడం మొదలైంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. భూస్వామి ఇంట్లోనూ పిల్లలున్నారు. అర్ధరాత్రి తలుపులు విరిగిన ఇంట్లో మంచం కింద దూరిన పిల్లవాడు ఏ ప్రోనోటు మీదా సంతకం చేయలేదు. కొండమీద పిల్లకి జరిగిన అన్యాయం పెద్దది, నూరేళ్ళది. ఈ పిల్లవాడికి జరిగింది ఒక్క రాత్రిది. రెండూ సమానమని నేను అనను. కాని ఈ పిల్లవాణ్ణి చూపించకుండా ఆ పిల్ల కథ చెప్తే అది ప్రచారమవుతుంది, సినిమా కాదు. సంతలో వాళ్ళిద్దరూ ఒకరికొకరు తెలిసే ఉంటారు. ఆమె చింతపండు మూట దించిన కొట్లో అతను తండ్రి పక్కన పీటమీద కూర్చుని బెల్లంముక్క చప్పరిస్తూ ఆమెను చూసే ఉంటాడు. ఆ రాత్రి తర్వాత ఆ కొట్టు మూతపడుతుంది. ఆమె మూసిన తలుపుల వంక చూస్తూ ఏమనుకుంటుంది? సంతోషిస్తుందా? భయపడుతుందా? నాకు జవాబు తెలుసనిపించదు. మంచి దర్శకుడెవరైనా ఆ మూసిన తలుపు ముందు కెమెరా పెట్టి, ఆ పిల్లని నిలబెట్టి, తొందరపడకుండా చూడాలి.

మా నెల్లిమర్ల స్టేషన్ మీదుగా పోయే హౌరా లైనే పలాస దాటి సోంపేట, కంచిలి వైపు వెళ్తుంది. జీడితోటల ఉద్దానం అటే. యుద్ధానికి రెండో రంగం అక్కడ. 1969 మే 27న పంచాది కృష్ణమూర్తి, మరో ఆరుగురు యువకులు కంచిలి స్టేషన్ దగ్గర పట్టుబడి పోలీసుల చేతుల్లో చనిపోయారు. మేం గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపి లెక్కపెట్టిన రైళ్ళు ఆ పట్టాలమీద పోయినవే.

బొడ్డపాడులో సుబ్బారావు పాణిగ్రాహి ఉండేవాడు. దేవుడికి పూజ చేసే చేత్తో జముకు పట్టినవాడు. జముకులకథ మా ఉత్తరాంధ్ర పల్లెల పాత కళ. ఒక చంకలో జముకు, తీగ మీటితే బుమ్ బుమ్ అని లోతుగా పలుకుతుంది. ఎల్లమ్మ కథ చెప్పే ఆ వాయిద్యానికి ఆయన సావుకారి కథ, కూలీ కథ కట్టాడు. రాత్రి పెట్రొమాక్స్ వెలుగులో ముందు వరసలో కూర్చునేది ఎవరు? ఎప్పుడైనా, ఏ ఊళ్ళోనైనా పిల్లలే. వాళ్ళకి సిద్ధాంతం తలకెక్కదు, జముకు చప్పుడు గుండెల్లో దిగుతుంది. 1969 డిసెంబరు 22న రంగమటియా కొండల్లో పాణిగ్రాహిని కాల్చి చంపారు. కృష్ణమూర్తి భార్య నిర్మల కూడా ఆ రోజే చనిపోయింది. భర్త పోయిన ఏడు నెలలకి.

*

పోరాటం మీద సినిమా అంటే నాకు ముందు గుర్తొచ్చేది ‘మా భూమి’. దాన్ని నేను విజయనగరంలో చూశాను. 1979లో తీసిన సినిమా. బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాతలు. దర్శకుడు గౌతమ్ ఘోష్‌కి తెలుగు రాదు, అది ఆయన మొదటి కథాచిత్రం. తెలంగాణ సాయుధ పోరాటం మీద కిషన్ చందర్ ఉర్దూలో రాసిన ‘జబ్ ఖేత్ జాగే’ నవల దానికి ఆధారం. రామయ్య అనే పేదరైతు కొడుకు దొర గడీ నీడలో పెరుగుతాడు. తను ప్రేమించిన పిల్లని దొర పాలు చేయాల్సి వచ్చిన లోకంలో ఇమడలేక ఊరు వదులుతాడు. హైదరాబాదులో రిక్షా లాగుతాడు, ఫ్యాక్టరీలో చేరతాడు, మక్బూల్ అనే అతని స్నేహంతో అక్షరం నేర్చుకుంటాడు, తిరిగొచ్చి తుపాకి పడతాడు. నిజాం లొంగిపోయిన 1948 సెప్టెంబరు తర్వాత పటేలు, దొర, సైన్యం వెంట మళ్ళీ ఊళ్ళోకి వస్తారు. పెరిగి పెద్దవాడైన రామయ్య ప్రాణం ఆ సైన్యం చేతిలో పోతుంది. సాయిచంద్ ఆ పాత్ర వేశాడు. బండి యాదగిరి పాటని గద్దర్ తెరమీద పాడాడు.

నన్ను పట్టుకున్నది మాత్రం పసులు కాసే పిల్లవాడి మీద సుద్దాల హనుమంతు కట్టిన పాట. పోరాటం నడుస్తున్న రోజుల్లో కవి కన్ను వెళ్ళి ఒక జీతగాడి మీద, వాడి చిన్న వయసు మీద, వాడి ఒంటిమీద ఉన్నదాని మీద, లేనిదాని మీద ఆగింది. చరిత్ర పుస్తకాలు లక్షల ఎకరాల లెక్క చెప్తాయి. హనుమంతు ఒక్క పిల్లవాణ్ణి ఆపి, ఏరా నీకెన్నేళ్ళని పలకరించాడు. హాల్లో మా చుట్టూ జూట్‌మిల్లు కార్మికులు చాలామంది ఉన్నారు. ఆ పాట వస్తున్నంతసేపూ ఎవరూ బీడీ వెలిగించలేదు. తెలంగాణ యాస మాకు సగమే అర్థమైంది. పిల్లవాడు పూర్తిగా అర్థమయ్యాడు.

బయటికొచ్చాక నా పక్కన నడుస్తున్న మిల్లు పెద్దాయన ఒకాయన అన్నాడు, “మన కొండోళ్ళ కత ఎవుడు తీస్తాడ్రా?” అని. ఆయన ఆ ప్రశ్న వేసి నాలుగు దశాబ్దాలు దాటింది. ఆయన లేడు. 1994 జనవరిలో మా నెల్లిమర్లలోనే జూట్ కార్మికులమీద పోలీసు కాల్పులు జరిగి మనుషులు పోయినప్పుడు, ఆ రోజు వీధుల్లో ఉన్న పిల్లల్ని చూసి నాకు ఆ ప్రశ్న మళ్ళీ గుర్తొచ్చింది.

లోకంలో ఇలాంటి సినిమాలు ఉన్నాయి. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్ అనే చిన్న దేశంలో 1980 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం నడిచింది. అక్కడ పుట్టి పెరిగిన ఆస్కార్ టోరెస్ తన బాల్యాన్నే కథగా రాసుకుంటే, లూయిస్ మాండోకి 2004లో దాన్ని ‘వోసెస్ ఇనొసెంతెస్’ పేరుతో సినిమా తీశాడు. అమాయకపు గొంతుకలన్నమాట. అందులో పిల్లవాడికి పదకొండేళ్ళు. పన్నెండు నిండితే సైన్యం బడికొచ్చి పట్టుకుపోతుంది. మనకి పుట్టినరోజు పండగ. వాడికి అదే గండం. సైనికులొచ్చే రోజు పిల్లలంతా ఇళ్ళ కప్పులెక్కి చప్పుడు చేయకుండా వెల్లకిలా పడుకుంటారు. యుద్ధం గురించి నేను చూసిన దృశ్యాలన్నిటిలోకీ అది నన్ను ఎక్కువగా కుదిపింది. ఆ దృశ్యంలో ఒక్క తూటా పేలదు.

రామయ్యకి సినిమా ఉంది. ఆ సాల్వడార్ పిల్లవాడికి సినిమా ఉంది. ఇద్దరూ మగపిల్లలే. మా కొండల పిల్లకి సినిమా కావాలి, ఆమె ఆడపిల్లే కావాలి. దళాలకి అన్నం మూటలు మోసిందీ, నీళ్ళ రేవులో పోలీసులు ఎదురైతే తలొంచుకుని బిందె నింపుకుందీ ఆడవాళ్ళే. ఎవరెటు వెళ్ళారన్న ప్రశ్నకి తెలీదు బాబూ అని చెప్పడం ఆ తల్లులు కూతుళ్ళకి నేర్పిన మొదటి అబద్ధం.

ఆ సినిమా ఏ భాషలో ఉండాలన్నది చిన్న విషయం కాదు. ఆ కొండల గిరిజనుల్లో జాతాపులు తెలుగు మాట్లాడతారు. సవరలకి సొంత భాష ఉంది, అది తెలుగుకి చుట్టం కూడా కాదు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉండి ఆ భాష నేర్చుకుని, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు, బడులు పెట్టించారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. ఆయన కృషి జరిగిన నేలమీద, సవర తల్లి తన బిడ్డతో స్వచ్ఛమైన కోస్తా తెలుగులో మాట్లాడే సినిమా వస్తే నాకు కష్టంగా ఉంటుంది. సవర అమ్మ సవరలో మాట్లాడాలి, జాతాపు పిల్ల ఉత్తరాంధ్ర తెలుగులో మాట్లాడాలి, పోలీసు ఇంకో తెలుగు మాట్లాడాలి, సెంట్రల్ రిజర్వు జవాను హిందీలో అరవాలి. అన్ని భాషల మధ్య నిలబడ్డ పిల్ల ఎవరి మొహంలో ఏముందో చూసి బతకడం నేర్చుకోవాలి. ఆ కొండల్లో 1969లో పెరగడమంటే అదే.

సవర ఇళ్ళ గోడలమీద ఎడిసింగ్ బొమ్మలు చూడండి. ఎర్రమట్టి అలికిన గోడమీద బియ్యప్పిండితో సన్నటి మనుషులు, చుట్టూ చట్రం. వేటగాడు, ఏనుగు, నాగలి, సూర్యుడు, చంద్రుడు. పెద్దల ఆత్మలకి తృప్తి కోసం వేసేవి. లోకంలోకి కొత్తగా వచ్చింది కూడా వాటిలోకి వస్తుంది. ఆ సినిమాకి కళాదర్శకుడు బయటినుంచి రానక్కర్లేదు.

*

1970 ఫిబ్రవరి 3న ఒకటి బై డెబ్బై అమల్లోకి వచ్చింది. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల మధ్య కూడా చేతులు మారకూడదన్న గట్టి చట్టం. అప్పటికి అడవిలో పోలీసుల వేట ఆగలేదు. జులై 10న బోరి కొండల్లో సత్యం, కైలాసం ఇద్దరూ పోలీసు కాల్పుల్లో పోయారు. పోరాటంలో ఉన్నవాళ్ళమీద పెట్టిన పార్వతీపురం కుట్ర కేసు విచారణ ఏళ్ళ తరబడి సాగి 1976లో తీర్పయింది. పంతుళ్ళని చంపిన ఏడాదే పంతుళ్ళు అడిగినలాంటి చట్టం వచ్చింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. చట్టం రెండేళ్ళు ముందు వచ్చి, లేవిడి కేసులో కొండవాళ్ళకి న్యాయం దొరికి ఉంటే, ఆ పిల్ల బడి మూతపడేది కాదేమో.

జులైలో ఆమెకి పదకొండో ఏడు నడుస్తోంది. వానలు పడ్డాయి. పోడులో విత్తనం చల్లే పని. మాస్టారు పోయాడన్న కబురు చేలోకే వచ్చిందనుకుందాం. పెద్దవాళ్ళు చేతిలో విత్తనం చేతిలోనే ఉండగా నిలబడిపోయారు. ఏడవడానికి లేదు. చేను గట్టుమీద పోలీసులున్నారు. ఎవరు ఏడిస్తే వాళ్ళ పేరు రాసుకుంటారు. మూడేళ్ళ కిందట లేవిడిలో అమ్మ కాళ్ళ వెనక్కి జరిగిన పిల్ల ఇప్పుడు అమ్మకి ముందుకొచ్చి నిలబడింది. అమ్మ మొహం వాళ్ళకి కనబడకుండా.

ఆ ఏడాది చింతపండు అమ్మడానికి ఆమె సంతకెళ్తుంది. తూకం వేసినవాడు ఆరు కిలోలన్నాడు. ఆమె కాటా ముల్లు చూసింది, రాళ్ళమీద అంకెలు చదివింది.

“ఎనిమిది,” అంది.

అప్పుడు ఎనిమిది, పది, పన్నెండేళ్ళున్న వాళ్ళకి ఇప్పుడు అరవై దాటాయి. ‘మా భూమి’ తీసినప్పుడు తెలంగాణ పోరాటం అయిపోయి ముప్పై ఏళ్ళు కాలేదు, చూసినవాళ్ళు, చేసినవాళ్ళు ఊరూరా ఉన్నారు. మనకి ఆ గడువు ఎప్పుడో దాటింది. అయినా పిల్లలుగా చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లా. విజయనగరం నుంచి పార్వతీపురానికి రైలుంది, అక్కణ్ణుంచి గుమ్మలక్ష్మీపురానికి బస్సుంది. సినిమా కుర్రాళ్ళెవరైనా కథ కోసం వెతుకుతుంటే, కందికొత్త పండగ రోజులు చూసుకుని వెళ్ళండి. పనులు తగ్గి ఉంటాయి, జనం ఊళ్ళోనే ఉంటారు. సవర తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్ళండి. నాయకుల గురించి అడగకండి, వాళ్ళు పుస్తకాల్లో ఉన్నారు. ఆ మూడేళ్ళూ ఏం తిన్నారు, ఎక్కడ పడుకున్నారు, బడి ఎప్పుడు మూసేశారు, మళ్ళీ ఎప్పుడు తెరిచారు, అప్పుడు లోపల ఎవరెవరు లేరు, అవి అడగండి. ముందు ముసలమ్మల దగ్గర కూర్చోండి.